నీరటి పొర

పత్తికట్టెను ఎవరూ అడగరు.
ఏనుమాముల కాంటా మీద పత్తికే ధర,
కట్టెకు చేను గట్టు మీద అగ్గిపుల్ల.
ఆ అగ్గిపుల్ల కన్నా ముందే వెళ్లి
ఐనవోలు దారిలో ఒక మోపు అడిగి తెచ్చాను.
"దీంతోని ఏం జేస్తవ్?" అన్నది చేనామె.
నీళ్లు వడగడతానంటే
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఉడికించాను. తెల్లబడేదాకా ఉడికించాను.
హాస్టల్లో నా గదిదాకా గంజివాసన.
అద్దం పలక మీద పోసి పరిస్తే
ఉల్లిపొర కన్నా కొంచెం మందం,
మీగడ కన్నా కొంచెం మొండి,
కంటికి ఆనని కోటి తూములున్న గుడ్డ.

ఒక్కో తూము అంచుకూ సన్నని పోగులు అతికించాను.
సోడా తగిలితే ఉబ్బుతాయి, దారి ఇరుకవుతుంది.
పులుపు తగిలితే ముడుచుకుంటాయి, దారి విడుస్తాయి.
మీట లేదు, మోటారు లేదు.

మా తాత ఊరికి నీరటి.
పార భుజాన వేసుకుని నడిజామున పోయి
ఏ మడి ఎంత తాగిందో పాదంతో తడిమి చెప్పేవాడు.
తూము ఎప్పుడు ఎత్తాలో
ఆయనకు ఎవరూ చెప్పిందిలేదు.
ఆయన్నే ఈ గుడ్డలోకి దించుతున్నానని
థీసిస్‌లో రాయలేదు.
స్పందించే పొర, అని రాశాను.

కొత్తవాడ. గుండేటి ఓదెలు రంగుల కొట్టం.
జంపఖానాల నూలు మునిగిన గంగాళంలో
ఎరుపు పొగలు కక్కుతోంది.
మోరీలో పారే రంగు చూసి
ఈ వారం ఆర్డరేదో చెప్తారు ఆ గల్లీ పిల్లలు.

గొట్టానికి పొర బిగించాను.
మొదటి బిందె బాగానే దిగింది.
రెండోది చుక్కలు.
మూడోది లేదు.

ఓదెలు బీడీ ఆర్పి వంగి చూశాడు.
"నీ పొర అలిగింది బిడ్డా.
గంత ఉడుకు, గంత సోడా మీద పోస్తే
నేనైనా అలుగుత."

అలగడమే దాని పని అన్నాను.
రంగును పట్టి కూర్చుంది, ఇప్పుడు పులుపు పడితే
విప్పుకుని, వదిలేసి, మళ్లీ మొదలుపెడుతుంది.
సంచి వెతికాను.
ఆసిడ్ సీసా ల్యాబులో బల్ల మీద ఉంది,
ఇక్కణ్ణుంచే కనపడుతోంది నాకు, లేబుల్‌తో సహా.

"ఓ నర్సవ్వా, నానేసిన చింతపండు గిట్ల తే!"
"మరి చారు?"
"చారు రేపు."

వడపోసిన పులుసు, ఒక చెంబు.
వెనకవైపు నుంచి మెల్లగా వదిలాను.
చాలాసేపు ఏమీ లేదు.
నర్సవ్వ చెంబుకేసి చూస్తోంది, నేను గొట్టంకేసి.
అప్పుడు, పుండు మీది పక్కు ఊడినట్టు
గడ్డకట్టిన ఎరుపు అంచు నుంచి లేచింది.

"అలుగు పారింది!" ఓదెలు కేక.

అలిగిందన్నదీ ఆయనే, అలుగు పారిందన్నదీ ఆయనే.
బిగుసుకోవడానికీ పొంగిపోవడానికీ
ఒక్క మాటే దాచుకున్న నోళ్లు మావి.
దాన్ని ఒక పొరకు నేర్పడానికి
నాకు నాలుగేళ్లు పట్టింది.

బకెట్లో నీళ్లు.
తెల్లగా ఏం లేవు, పలచటి చాయ్ రంగు.
వద్దనేలోపే వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.
"ఉప్పు పోలే."
నిజమే. ఉప్పును ఆపే పొర కాదిది.
నలభై ఏళ్ల నాలుక ముందు
మీటరు సంచిలోంచి తియ్యలేదు నేను.

రాత్రి నోటుబుక్కు తెరిచాను.
ఆమ్లం గడిలో: చింతపులుసు, ఒక చెంబు.
గాఢత గడిలో: చారుకు సరిపడా.
ఖర్చు గడి చిన్నది, అంచులోకి పోయి రాశాను,
నర్సవ్వ పొయ్యి మీద ఈ పూట చారు లేదు.

మళ్లీ పోయేటప్పుడు
అరకిలో చింతపండు.